నాలుగో ఎక్కం

అమెరికాలో కిరాణా కొట్టుకి వెళ్ళేవాళ్ళకి, చిన్నప్పుడు నేర్చుకున్న లెక్కల్లో బాగా పనికొచ్చేది నాలుగో ఎక్కం. నాలుగు గ్రాముల పంచదార అంటే ఒక టీస్పూను. డబ్బా వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న గ్రాముల్ని నాలుగుతో భాగిస్తే ఎన్ని చెంచాలో తేలిపోతుంది. గ్రాములంటే ఎవరికీ ఏమీ అనిపించదు. 39 గ్రాములు అంటే "ఊఁ" అనేసి ఊరుకుంటాం. అదే, 12 ఔన్సుల కోకు డబ్బాలో దాదాపు పది చెంచాల పంచదార ఉందంటే, ఒక గ్లాసూ, ఒక చెంచా, పదిసార్లు ముంచి పోస్తున్న చెయ్యీ కళ్ళముందు కనబడతాయి. మాస్టర్స్‌లో అల్గారిథమ్స్ అని పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను గానీ, ఇంట్లో ఇంతగా అక్కరకొచ్చిన సూత్రం ఇంకోటి లేదు.

కోకు సంగతి అందరికీ తెలిసిందే. దాని గురించి రాయడానికి కూచోలేదు. మా ఇంట్లో అది కొనం, మీలో చాలామంది కూడా కొనరు. నా తగువంతా మంచివాళ్ళ వేషం వేసుకుని వచ్చేవాటితో. పొద్దున్నే పాలల్లో వేసుకునే సీరియల్, పిల్లల డబ్బాలో పెట్టే గ్రనోలా బారు, బొమ్మలున్న పెరుగు గొట్టాలు, "నూటికి నూరుపాళ్ళూ పళ్ళరసం" అని రాసి ఉండే సీసా. వీటిని కొనేటప్పుడు మనం పిల్లలకి మంచి తిండి పెడుతున్నామనే అనుకుంటాం. అందుకే అవి ఇంట్లోకి అంత ధీమాగా వచ్చేస్తాయి.

లేబులు చదవడం ఒకప్పుడు ఇంత తేలికగా ఉండేది కాదు. పాలల్లో సహజంగా ఉండే తీపీ, ఫ్యాక్టరీవాడు గుమ్మరించిన తీపీ కలిపి ఒకే అంకెగా వేసేవాళ్ళు. ఎనిమిది ఔన్సుల మామూలు పాలల్లోనే 12 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, అది ఆవు పెట్టినది, దానితో మనకి పేచీ లేదు. చాక్లెట్ పాలల్లో ఎంత ఆవు పెట్టింది, ఎంత మనిషి పెట్టాడు అన్నది తెలిసే దారి ఉండేది కాదు. 2016లో ఎఫ్‌డీఏ కొత్త నిబంధన తెచ్చింది. కలిపిన చక్కెరని విడిగా ఒక వరసలో చూపించాలి అని. పెద్ద కంపెనీలు 2020 జనవరికల్లా, చిన్నవి ఆ తరవాతి ఏడాదికల్లా మార్చాయి. ఇప్పుడు ప్రతి డబ్బా మీదా ఆ వరస ఉంటుంది. ఎంతమంది చూస్తారన్నది వేరే సంగతి.

ఆ వరస పక్కనే ఒక శాతం కూడా ఉంటుంది. అక్కడ మాత్రం జాగ్రత్త. ఆ శాతం రోజుకి రెండువేల కాలరీలు తినే మనిషికి, 50 గ్రాములు హద్దు అనుకుని వేసిన లెక్క. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో పిల్లలకి చెప్పిన హద్దు అందులో సగం. రెండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా రోజుకి 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాలు. రెండేళ్ళ లోపు పిల్లలకి అసలు వద్దు. కాబట్టి బొమ్మలేసిన సీరియల్ డబ్బా మీద "12 గ్రాములు, 24 శాతం" అని ఉంటే, మనం "పావువంతేగా" అనుకుంటాం. మీ ఆరేళ్ళవాడికి అది సగం. వాడింకా పళ్ళు తోముకుని టేబుల్ దగ్గరికొచ్చి పావుగంట కాలేదు, రోజు కోటాలో సగం అయిపోయింది. అదీ కప్పు కొలిచి పోస్తేనే. మా ఇంట్లో కొలిచి పోసేవాళ్ళెవరూ లేరు.

ఇంకో చిన్న మాయ ఉంది. కలిపిన వస్తువుల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలి. పంచదార మొదటి పేరుగా కనబడితే తల్లులు డబ్బా కింద పెట్టేస్తారు. అందుకని దాన్నే నాలుగు ముక్కలు చేసి కొంత చెరుకు రసం పొడి, కొంత బియ్యపు సిరప్, కొంత డెక్స్‌ట్రోజ్, కొంత ఆపిల్ రసం గుజ్జు అని వేసుకుంటే, ఒక్కొక్కటీ కాస్త కాస్తే కాబట్టి అన్నీ కిందికి జారిపోతాయి. పైన ఓట్స్ గారు మొదటి పేరుగా దర్జాగా కూచుంటారు. (డేటాబేసులో ఒకే మనిషి నాలుగు స్పెల్లింగులతో ఉంటే ఆ నాలుగూ కలిపి ఒకటి చెయ్యడమే నా ఉద్యోగంలో సగం పని. ఇంటికొచ్చినా అదే.)

ఇంత పట్టుదల దేనికి, పిల్లలన్నాక తినరా అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. చెబుతాను.

మన భాషలో ఒక చిత్రం ఉంది. తినేదాన్ని పంచదార అంటాం, జబ్బుని షుగర్ అంటాం. "ఆయనకి షుగరండీ" అంటే ఇంకేం చెప్పక్కర్లేదు. మా నాన్నకి 42వ ఏట షుగర్ వచ్చింది. మా తాతకీ ఉండేది. నా చిన్నతనమంతా ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ సీసాలు గుడ్ల పక్కన ఉండేవి. 2015లో నాన్నకి కాలి బొటనవేలు తీసేశారు. తరవాత కిడ్నీలు. వారానికి మూడు రోజులు గుంటూరులో డయాలసిస్. 2019లో పోయారు. నేను ఇక్కణ్ణించి విమానం ఎక్కేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఇది చాలామంది ఇళ్ళలో కథే కాబట్టి ఎక్కువ రాయను.

మొన్న మొన్న, నాకు 36 నిండిన ఏడాది, ఏటా చేసే రక్తపరీక్షలో ఏ1సి 5.8 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీ-డయాబెటిస్ అంటారు. నేను లావుగా ఉండను. డాక్టరు నా ఎత్తూ బరువూ చూసి, "మీవాళ్ళకి కొలబద్ద వేరు" అన్నాడు. మామూలుగా బాడీ మాస్ ఇండెక్స్ 25 దాటితే పరీక్షలు మొదలుపెట్టమంటారు, ఆసియా వాళ్ళకి మాత్రం 23కే మొదలుపెట్టమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచీ చెబుతోంది. సన్నగా కనిపించే మన పొట్టలోనే కొవ్వు పేరుకుంటుందన్నమాట.

పంచదార మానేస్తే షుగర్ రాదని నేననడం లేదు. వంశం ఉంది, రోజంతా కుర్చీలో కూచునే ఉద్యోగం ఉంది, కంచంలో గుట్టలా పోసుకునే తెల్లన్నం ఉంది. అది వేరే యుద్ధం, అందులో నేనింకా గెలవలేదు. కానీ చిన్నప్పటి తీపికీ పెద్దయ్యాక వచ్చే జబ్బుకీ సంబంధం ఉందని చూపించిన పరిశోధన ఒకటి 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కూడా ఇంగ్లండులో పంచదారకి రేషన్ ఉండేది, 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎత్తెయ్యగానే పెద్దవాళ్ళు రోజుకి 40 గ్రాములు తినేది 80కి చేరింది. రేషను ఉన్నప్పుడు కడుపున పడి, మొదటి రెండేళ్ళూ రేషన్లోనే పెరిగినవాళ్ళకి, ఆ తరవాత పుట్టినవాళ్ళతో పోలిస్తే టైప్ 2 డయాబెటిస్ 35 శాతం, రక్తపోటు 20 శాతం తక్కువగా ఉన్నాయట. అరవై ఏళ్ళ తరవాత లెక్క తీస్తే! నా పిల్లలకి ఆ మొదటి వెయ్యి రోజులూ ఎప్పుడో దాటిపోయాయి. పెద్దదానికి ఎనిమిది, చిన్నాడికి నాలుగున్నర. మిగిలిన రోజులు మిగిలాయి కదా అని నా ఆశ.

2025 మే నెలలో అమ్మ ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. రెండు పెట్టెలు. ఒక పెట్టెలో అరిసెలు, సున్నుండలు, కజ్జికాయలు, పిల్లలకి బట్టలు. రెండో పెట్టెలో ఆవకాయ, కారప్పొడులు, బట్టల మధ్య దాచిన పెద్ద హార్లిక్స్ సీసా. "ఇక్కడ దొరుకుతుందే అమ్మా" అంటే, "అక్కడి రుచి రాదురా" అంది.

మొదటి వారంలోనే వచ్చింది పేచీ. చిన్నాడు పాలు తాగడని వాడి గ్లాసులో ఒకటిన్నర చెంచా పంచదార, పైన హార్లిక్స్. వాడు గటగటా తాగేసి మీసాలు చూపించాడు. "చూశావా, పాలు తాగనంటాడు అన్నారు, ఎలా తాగాడో!" అని అమ్మ సంబరం. నేను లేబులు చూపించాను, భాగహారం చెప్పాను. మా పెద్దది ఇంకా ఉత్సాహంగా, "నానమ్మా, ఇది ఇన్ని చెంచాలు" అని వేళ్ళు చూపించింది. అమ్మకి కోపం వచ్చింది. "చంటిపిల్లల నోరు కట్టేస్తారా? మీరందరూ ఈ పాలు తాగే పెరిగారు" అంది. మా ఆవిడ మధ్యలో దూరకుండా వంటింట్లో ఏవో గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. (అప్పటికే కడిగినవి.)

రాత్రి పిల్లలు పడుకున్నాక అమ్మ నా పక్కన కూచుని, గొంతు తగ్గించి అన్న మాట ఇది. "మీ నాన్నని పాతికేళ్ళు వద్దు వద్దు అంటూనే బతికించాను రా. పెళ్ళిళ్ళలో ఆయన ఆకులో లడ్డూ తీసి నా ఆకులో వేసుకునేదాన్ని. అందరూ చూసి నవ్వేవాళ్ళు. ఆఖర్న కూడా ఆయన అడిగింది ఒక జిలేబీ. పెట్టలేదు. ఇప్పుడు వీళ్ళకి కూడా వద్దు వద్దంటూ కూచోమంటావా? నానమ్మంటే వద్దనేదేనా?"

దానికి ఏ లేబులు చూపిస్తాం? నేనేం మాట్లాడలేదు. చాలాసేపు అలాగే కూచున్నాం.

దారి మా ఆవిడే కనిపెట్టింది. స్వీడన్‌లో పిల్లలకి మిఠాయి శనివారం మాత్రమే ఇచ్చే అలవాటు ఉంది. వాళ్ళ ఆఫీసులో ఒకావిడ స్వీడన్ మనిషి, ఆవిడ చెప్పింది. (ఆ అలవాటు వెనక కథ మాత్రం అంత తియ్యగా లేదు. 1940ల్లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో మానసిక రోగులకి అంటుకునే మిఠాయిలు తినిపించి పళ్ళు ఎలా పుచ్చుతాయో చూశారు. వాళ్ళని అడిగి చేసింది కాదది. మాటిమాటికీ తినడం కంటే ఒకేసారి తినడం పళ్ళకి నయం అని అందులో తేలాక, వారానికి ఒకరోజు అన్న సలహా పుట్టింది.) మా ఆవిడ అమ్మ దగ్గరికెళ్ళి, "అత్తయ్యా, శనివారం స్వీటు మీ చేతి మీదుగానే. మేమెవరం పెట్టం, మీరే చేసి మీరే పెట్టాలి. పండగలు ఎటూ లెక్కలోకి రావు. మిగతా రోజుల్లో వద్దనే పని మాది, మీది కాదు" అంది. వద్దనే పని తనది కాదన్న మాట అమ్మకి నచ్చింది. "సరేలే చూద్దాం" అంది. మా అమ్మ నోట "సరేలే చూద్దాం" అంటే సంతకం పెట్టేసినట్టు.

అయినా పాలల్లో పంచదార ఆగలేదు. దాన్ని ఆపింది నేను కాదు, విజయవాడలో ఉన్న మా పిన్ని. సీబీఎస్ఈ వాళ్ళు 2025 మేలో అన్ని బడులకీ ఒక సర్క్యులర్ పంపారు. పిల్లలు తినే తాగే వాటిల్లో ఎంత పంచదార ఉందో చూపించే బోర్డులు పెట్టమని. "షుగర్ బోర్డు" అంటారు దాన్ని. మన దేశంలో పిల్లలు తినే మొత్తం కాలరీల్లో 13 నుంచి 15 శాతం పంచదారదేనని, 5 శాతం దాటకూడదని అందులోనే రాశారు. వేసవి సెలవులయ్యి బడి తెరవగానే పిన్ని మనవడి బడిలో బోర్డు వచ్చింది. పిన్ని ఫోన్లో అమ్మకి చెబుతోంది, "పొడులు కూడా ఉన్నాయక్కా అందులో. వాటిని ఇహ హెల్త్ డ్రింకులు అనకూడదంటగా." అది నిజమే. 2024 ఏప్రిల్లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడుల్ని హెల్త్ డ్రింకుల వరసలోంచి తీసెయ్యమని ఆన్‌లైన్ దుకాణాలకి చెప్పింది, అదే నెలలో హార్లిక్స్ అమ్మే కంపెనీ కూడా ఆ వరస పేరులోంచి హెల్త్ అన్న మాట తీసేసింది. ఇవన్నీ అమ్మకి నేను వారం ముందే చెప్పాను. కొడుకు చెబితే అమెరికా చాదస్తం, చెల్లెలు చెబితే వార్త!

ఆ తరవాత అమ్మ ఏం చేసిందో నాకు నెల దాకా తెలియదు. మొదటి వారం ఒకటింబావు చెంచా. రెండో వారం ఒకటి. ఆ తరవాత ముప్పావు. హార్లిక్స్ సీసా ఒక రోజు కబోర్డు పైఅరకి ఎక్కింది. జూలై ఆఖరుకి పాలల్లో ఏలకుల పొడీ చిటికెడు పసుపూ తప్ప ఏమీ లేవు, వాడు అప్పటిలాగే తాగుతున్నాడు. ఒక్కసారిగా మానిపిస్తే ఆ గ్లాసు గోడకి కొట్టేవాడు. "మీ నాన్న కాఫీలో కూడా ఇలాగే తగ్గించాను. ఆయనకీ తెలీలేదు" అంది అమ్మ.

ఇహ బెల్లం. బెల్లం మంచిదేగా, ఐరన్ ఉంటుందిగా అని మొన్న కూడా ఒక విందులో నాకు పెద్ద క్లాసు పీకారు. కాస్త ఖనిజాలు ఉంటాయి, నిజమే. కానీ అందులో చాలా మటుకు పంచదారే. ఐరన్ కోసం బెల్లం తినాలంటే ముందు షుగర్ వస్తుంది. తేనె, ఖర్జూరం సిరప్, ఆర్గానిక్ చెరుకు పంచదార, అన్నిటికీ నాలుగో ఎక్కమే.

పళ్ళరసం దగ్గర లేబులు కూడా మనకి సాయం చెయ్యదు, అదొక్కటి చెప్పాలి. ఎనిమిది ఔన్సుల నారింజ రసంలో 20 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది గానీ, "కలిపిన చక్కెర" వరసలో సున్నా ఉంటుంది, ఎందుకంటే ఎవరూ ఏమీ కలపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహాలో మాత్రం రసంలో ఉన్న చక్కెరని కూడా పంచదార లెక్కలోనే వేసింది. నారింజ పండు ఒలుచుకు తింటే పీచు ఉంటుంది, నమలాలి, ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది. గ్లాసు రసంలో మూడు పళ్ళు అరనిమిషంలో దిగిపోతాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2017లోనే ఏడాదిలోపు పిల్లలకి రసం వద్దని, మూడేళ్ళ దాకా రోజుకి నాలుగు ఔన్సులు చాలని చెప్పింది. మనవాళ్ళ విందుల్లో పిల్లల టేబుల్ మీద ఉండేవి అచ్చంగా ఇవే, స్ట్రా గుచ్చిన రసం డబ్బాలు. పక్కన మామిడి గుజ్జు టిన్నుతో చేసిన లస్సీ. ఆ టిన్ను లేబులు ఎప్పుడైనా చదివారా? మామిడి తరవాతి పేరు పంచదార పాకం.

సరే, వద్దన్నవాటి గురించి చాలా అయింది. పెట్టేవాటి గురించి చెప్పాలి.

మేముండేది న్యూజెర్సీలో, ప్రిన్స్‌టన్ దగ్గర. కూరలకి వారం వారం ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి పోవడం అలవాటు. అక్కడ దొరకనిది లేదు. కానీ పెట్టెల మీద చదివితే హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్, మెక్సికో అని ఉంటాయి. మునక్కాయలు మంచులో గడ్డకట్టి మన ఊరి నుంచే వస్తాయి. అంతంత దూరం నుంచి వచ్చిన బెండకాయ ఫ్రిజ్‌లో రెండో రోజుకి ముసలిదైపోతుంది. న్యూజెర్సీకి "గార్డెన్ స్టేట్" అని పేరు. కార్ల నంబరు ప్లేటు మీద కూడా అదే ఉంటుంది. టోలు గేట్లూ గోడౌన్లూ చూసి అది ఎగతాళి అనుకునేవాణ్ణి.

ప్రిన్స్‌టన్ జంక్షన్ రైల్వే స్టేషను పక్కన కార్లు పెట్టుకునే స్థలంలో శనివారాలు ఫార్మర్స్ మార్కెట్ పెడతారు. అమ్మ దానికి మొదటి రోజే రైతు బజారు అని పేరు పెట్టేసింది. 1999లో రైతు బజార్లు మొదలుపెట్టినప్పటినుంచీ గుంటూరులో తను వెళ్ళేది అక్కడికే. జనపనార సంచీ ఒకటి చంకన పెట్టుకుని, స్నీకర్ల మీద చీరతో బయల్దేరేది. ధరలు విన్న మొదటి శనివారం మాత్రం కారు దాకా వచ్చి గొణుగుతూనే ఉంది. ఒక్క కట్ట తోటకూర లాంటి ఆకు నాలుగు డాలర్లు! డాలర్లని రూపాయిల్లోకి మార్చొద్దని చెప్పడం, మా అమ్మకి ఊపిరి పీల్చొద్దని చెప్పడంలాంటిది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇక్కడి కూరలు ఓక్ ట్రీ రోడ్డు కంటే పిరెమే. పిల్లలున్న ఇంట్లో నెలంతా ఇక్కడే కొనడం అందరికీ కుదరదు. మేం సీరియల్, బార్లు, రసాలు మానేస్తే మిగిలిన డబ్బు ఇక్కడ ఖర్చు పెడుతున్నాం, లెక్క దాదాపు సరిపోతోంది.

జూన్ ఆఖర్లో ఒక గడ్డం రైతు బల్ల దగ్గర అమ్మ ఠక్కున ఆగిపోయింది. బుట్టలో ఎర్రటి కాడలు, దళసరి చిన్న ఆకులు. "ఒరేయ్, గంగపాయల కూర రా ఇది!" మా పొలం గట్ల మీద మొలిచేది, పప్పులో వేసేవాళ్ళు. నేను చివరిసారి తిన్నది మా తాత ఉన్నప్పుడు. రైతుకి విషయం చెబితే పెద్దగా నవ్వాడు. తన పొలంలో అది కలుపు మొక్కట. టమాటా చాళ్ళ మధ్య ఎంత పీకినా వస్తుంది, ఎవరో హోటలు వంటవాడు అడిగితే తేవడం మొదలుపెట్టాడు, కొనేవాళ్ళు తక్కువ. అమ్మ మూడు కట్టలు తీసుకుని, నాలుగోది చేత్తో పట్టుకుని అతని మొహంలోకి చూస్తూ నిలబడింది. కొసరు. ఇంగ్లీషులో కొసరుకి మాట నాకు తట్టలేదు, అవసరమూ పడలేదు. అతను చెయ్యి ఊపాడు, తీసుకెళ్ళమని. ఆ తరవాత ప్రతి శనివారం అదే తంతు. నాకు సిగ్గేసి పక్క బల్ల దగ్గర తేనె సీసాలు చూస్తూ నిలబడేవాణ్ణి.

పిల్లలకి ఆకుకూర అంటే మొహం చిట్లింపే. కానీ చిన్నాడు ఆ బల్ల మీద కాడ తుంచి నోట్లో పెట్టుకుని పుల్లగా ఉందన్నాడు. బడిలో "వీడ్ పప్పు తిన్నాను" అని చెప్పాడట, దాని మీద టీచరు దగ్గర్నుంచి మా ఆవిడకి ఒక ఫోన్. (ఇక్కడ వీడ్ అంటే వేరే అర్థం కూడా ఉందని మీకు తెలుసుగా.)

అసలు లాభం పళ్ళ దగ్గర వచ్చింది. జూలైలో ఇక్కడి పీచు పండు మార్కెట్టులో కొని కార్లో కూచుని తింటే మోచేతి దాకా కారుతుంది. సూపర్‌మార్కెట్టులో దొరికేది గట్టిగా, దూదిలా ఉంటుంది, దాన్ని తిని పిల్లలు పండంటే ఇష్టం లేదంటే తప్పు వాళ్ళది కాదు. ఆ పండు కోసి ఇంట్లో తోడేసిన పెరుగులో వేస్తే, బొమ్మల పెరుగు గొట్టం ఎవరూ అడగలేదు. జూన్ చివర్లో బ్లూబెర్రీలు కోసుకోవడానికి తోటకి పోయాం. మనం పెట్టెల్లో కొనుక్కునే తోట బ్లూబెర్రీ పుట్టింది ఈ రాష్ట్రంలోనే. వైట్స్‌బాగ్ అనే ఊళ్ళో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, ఫ్రెడరిక్ కొవిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడితో కలిసి, అడవిలో పెద్ద కాయలు కాసే పొదలు వెతికి తెచ్చినవాళ్ళకి డబ్బిచ్చి, ఆ పొదలకి వాళ్ళ పేర్లే పెట్టి, అంట్లు కట్టించి, 1916లో మొదటి పంట అమ్మింది. అమ్మకి ఈ కథ చెబితే, "మా ఊళ్ళో మామిడి అంట్లకీ పేర్లు అలాగే వచ్చాయి" అంది. పిల్లలు ఆ రోజు బుట్టలో వేసినవి తక్కువ, నోట్లో వేసుకున్నవి ఎక్కువ. ఎన్ని చెంచాలో మా పెద్దది లెక్కపెట్టబోతే నేనే వద్దన్నాను.

బడి సంగతి. 2025 జూలై నుంచి ఇక్కడి బడి భోజనాల్లో కొత్త హద్దులు వచ్చాయి. చాక్లెట్ పాలల్లో ఎనిమిది ఔన్సులకి 10 గ్రాములు, సీరియల్‌లో ఔన్సుకి ఆరు గ్రాములు మించి చక్కెర కలపకూడదు. 2027 నుంచి వారం మొత్తం మీద కాలరీల్లో 10 శాతం దాటకూడదంటున్నారు. మంచిదే. పుట్టినరోజు సంచులకీ, హాలోవీన్‌కీ ఎవరూ హద్దులు పెట్టలేరు, పెట్టకూడదు కూడా. మా పిల్లల పుట్టినరోజుకి మేం గాలిపటాలూ రంగు పెన్సిళ్ళూ ఇచ్చాం. మిగతావాళ్ళు ఇచ్చేవి తెచ్చుకుంటారు, శనివారం డబ్బాలో పడతాయి. స్నేహితులు నన్ను షుగర్ ఇన్‌స్పెక్టర్ అంటున్నారు. గులాబ్ జామూన్ ట్రే వచ్చేసరికి "అదుగో వస్తున్నాడు, మూత పెట్టండి" అని అరుస్తారు. అననీండి. నేను కూడా ఒకటి తింటాను, ఎదురుగానే.

అద్భుతాలేమీ జరగలేదు. సెప్టెంబరులో నా ఏ1సి మళ్ళీ చూస్తే 5.7 వచ్చింది. డాక్టరు దాన్ని తేడా అనలేదు, "ఇలాగే ఉంచు" అన్నాడు. చిన్నాడు ఇప్పటికీ శుక్రవారం రాత్రే శనివారం అయిందా అని నాలుగుసార్లు అడుగుతాడు. అమ్మ ప్రతి శనివారం ఏదో ఒకటి చేసింది. ఒక వారం బొబ్బట్లు, ఒక వారం రవ్వలడ్డు, ఒక వారం జిలేబీ. జిలేబీ వేసినరోజు మొదటి చుట్ట తీసి ఒక చిన్న పళ్ళెంలో పెట్టి, నాన్న ఫొటో ముందు పెట్టింది. ఎవరం ఏమీ అనలేదు. సాయంత్రానికి దాన్ని పిల్లలిద్దరూ చెరిసగం చేసుకున్నారు.

అక్టోబరు ఆఖర్న అమ్మ వెళ్ళిపోయింది. నవంబరులో ఒక శనివారం మార్కెట్టుకి నేనొక్కణ్ణే వెళ్ళాను. మంచు పడి ఆకుకూరలు అయిపోయాయి, దుంపలూ గుమ్మడికాయలూ ఉన్నాయి. గడ్డం రైతు నా వెనక్కి చూసి, "మీ అమ్మగారేరీ?" అని అడిగాడు. వెళ్ళిపోయింది, వచ్చే ఏడాది వస్తుందన్నాను. నేను తూయించుకున్న చిలగడదుంపల మీద ఇంకో రెండు పెద్దవి తీసి వేసి, ఇవి ఆవిడ తరఫున అన్నాడు.

రాత్రి ఫోన్లో ఈ సంగతి చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది, "పాపం, ఊరికే తీసుకున్నావా? డబ్బులివ్వకపోయావా?"